వెండి నాణేనికి రంగేస్తే నచ్చుతుందా? పెర్త్ మింట్ డ్రాగన్, ఇంకా నా డబ్బాలో ఉన్న కొన్ని రంగుల కాయిన్స్ మీద రివ్యూ

రంగేసిన వెండి నాణెం తీసి టేబుల్ మీద పెడితే చాలు, కలెక్టర్లలో సగం మంది మొహం చిట్లిస్తారు, మిగతావాళ్ళు ఎంతకిస్తావ్ అని అడుగుతారు. ఈ గొడవ ఎప్పటికీ తెగదు, ఎందుకంటే ఇద్దరూ వేరే వేరే నాణేలు మనసులో పెట్టుకుని వాదించుకుంటుంటారు. ఒకళ్ళ మనసులో పండగ సీజన్‌లో ఆన్‌లైన్‌లో అమ్మే స్టిక్కర్ సరుకు ఉంటుంది, ఇంకొకళ్ళ మనసులో మింట్ వాళ్ళే, అంటే నాణేలు తయారుచేసే టంకశాల వాళ్ళే, పద్ధతిగా చేసిన పని ఉంటుంది. అందుకే గాల్లో మాట్లాడకుండా నా దగ్గరున్నవి ముందేసుకుని, పది రెట్లు చూపించే లూప్, అంటే చిన్న భూతద్దం, ఒకటి పట్టుకుని, ఒక్కోటి చూస్తూ రాస్తున్నా. మెయిన్‌గా రివ్యూ చేసేది ఆస్ట్రేలియా పెర్త్ మింట్ వాళ్ళ 2012 డ్రాగన్, మిగతావి దాని పక్కన పెట్టి చూడ్డానికి.

ఈ డ్రాగన్‌నే ఎందుకు పట్టుకున్నానంటే నా దగ్గర ఇది రెండు రకాలుగా ఉంది, ఒకటి ప్లెయిన్, ఇంకోటి ఎర్ర రంగు వేసింది. రెండిట్లోనూ బొమ్మ అదే, సైజు అదే, వెండి అదే, తేడా అంతా రంగులోనే, కాబట్టి రంగు వల్ల నాణేనికి ఏం కలిసొచ్చింది ఏం పోయింది అనేది ఇంతకన్నా తేటగా ఇంకెక్కడా తెలీదు. పెర్త్ వాళ్ళ లూనార్ సిరీస్ రెండోది 2008 ఎలుకతో మొదలై 2019 పందితో అయిపోయింది, చైనా క్యాలెండర్‌లో ఏడాదికో జంతువు లెక్కన పన్నెండు. అందులో 2012 డ్రాగన్‌ది. ఒక ఔన్స్, అంటే మన లెక్కలో 31.1 గ్రాములు, 999 వెండి, అడ్డం 45.6 మిల్లీమీటర్లు. మన పది రూపాయల బిళ్ళ 27 మిల్లీమీటర్లే ఉంటుంది, దాని పక్కన పెడితే ఇది చిన్న సాసర్ లాగుంటుంది. వెడల్పు ఎక్కువ కాబట్టి మందం తక్కువ, ఆ పల్చదనం కొందరికి నచ్చదు గానీ బొమ్మకి బోలెడంత జాగా దొరికింది. ఒకవైపు ఇయాన్ రాంక్ బ్రాడ్లీ చేసిన ఎలిజబెత్ రాణి తల, ఒక డాలర్ అని విలువ, ఇంకోవైపు ముత్యం, దాని వెంట మెలికలు తిరిగిన డ్రాగన్, డ్రాగన్ అనే చైనా అక్షరం, పెర్త్ వాళ్ళ పీ గుర్తు. ప్లెయిన్ బులియన్ రకానికి, అంటే వెండి విలువ కోసం కొనేదానికి, 3 లక్షల కాయిన్ల పరిమితి పెట్టుకుంటే అన్నీ అమ్ముడైపోయాయి. డ్రాగన్ ఏడాది అంటే చైనా వాళ్ళకి పిచ్చి, పిల్లల్ని కూడా ఆ ఏడాది చూసుకుని కనేవాళ్ళుంటారు, ఇంక నాణేలు ఆగుతాయా.

ముందు ప్లెయిన్ దాని గురించి. దీన్ని కిటికీ దగ్గర పెట్టి కొంచెం వాల్చి తిప్పితే వెలుగు డ్రాగన్ తల దగ్గర మొదలై పొలుసు పొలుసు మీదుగా తోక దాకా పాకుతుంది. ఒక్కో పొలుసుకి అంచు ఉంది, ఆ అంచు కింద సన్నటి నీడ ఉంది, ఆ నీడ వల్లే ఒంటికి కండ వచ్చినట్టు కనిపిస్తుంది. చెక్కినవాడి పనితనమంతా ఆ ఎత్తుపల్లాల్లోనే ఉంది, వెండి తెలుపు, నీడ నలుపు, ఈ రెండిట్తోనే మొత్తం కథ నడిపించాడు. ఎంత సేపు తిప్పినా విసుగు రాదు.

ఇప్పుడు ఎర్రది. డబ్బా తెరిచిన క్షణం మాత్రం ఇదే గెలుస్తుంది, అందులో డౌట్ లేదు. తెల్లటి వెండి మధ్యలో ఎర్రగా డ్రాగన్ గప్పున కంట్లో పడుతుంది. మా ఇంటికొచ్చిన చుట్టాలకి రెండూ పక్కపక్కన చూపిస్తే చెయ్యి ముందు ఎర్రదాని మీదకే పోతుంది, పిల్లలైతే ప్లెయిన్ దాన్ని అసలు పట్టించుకోరు. కానీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అదే పని చెయ్యండి, వాల్చి తిప్పండి. వెలుగు రంగు అంచు దాకా వచ్చి అక్కడ ఆగిపోతుంది. పొలుసులు కింద ఉన్నాయి, వేలితో తడిమితే తెలుస్తాయి కూడా, (తడమకండి, నేను చెప్తున్నాగా) కానీ వాటి నీడల్ని రంగు మింగేసింది. డ్రాగన్ చదునుగా అయిపోయింది, కొత్త సంవత్సరం గ్రీటింగ్ కార్డు మీద బొమ్మలాగ.

లూప్ పెట్టి చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. ఎరుపు ముదురు నుంచి లేతకి మారే చోట చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి, పేపర్లో ఫోటోని దగ్గరగా చూస్తే కనిపిస్తాయే అలాంటివి. ఎందుకంటే ఇది కుంచెతో వేసిన రంగు కాదు, ప్యాడ్ ప్రింటింగ్. ఒక ప్లేటు మీద బొమ్మని లోతుగా తొలిచి అందులో ఇంకు నింపుతారు, మెత్తటి సిలికాన్ ప్యాడ్ వచ్చి ఆ ఇంకుని ఎత్తుకుంటుంది, తీసుకెళ్ళి నాణెం మీద నొక్కుతుంది, మెత్తగా ఉంటుంది కాబట్టి ఎత్తుపల్లాల్లోకి కూడా దిగుతుంది. రంగు రంగుకీ విడిగా ఒక్కో ప్లేటు, ఒక్కో నొక్కు, అన్నీ అయ్యాక ఇంకుని గట్టిపరుస్తారు. మన పెన్నుల మీద, కీబోర్డు బటన్ల మీద అక్షరాలు వేసేది కూడా ఈ టెక్నిక్‌తోనే. అది వినగానే కొందరికి సగం మోజు పోతుంది, నాకైతే పోలేదు, ఎందుకంటే వంకర టింకర ఉపరితలం మీద నాలుగైదు రంగులు వెంట్రుక వాసి కూడా జరగకుండా ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టడం మామూలు పని కాదు. నా ఎర్ర డ్రాగన్‌లో మీసం చివర కూడా రంగు గీత దాటలేదు. ఈ విషయంలో పెర్త్ వాళ్ళకి దండం పెట్టాలి.

ఇక్కడ నేను పెట్టుకున్న లెక్క ఒకటుంది. ఏ రంగు నాణెం చూసినా ఆ రంగంతా తుడిచేసినట్టు ఊహించుకుంటా. తుడిచాక కింద నాణెం మిగిలిందా లేదా? ఈ డ్రాగన్‌లో మిగులుతుంది, బ్రహ్మాండంగా మిగులుతుంది, పక్కనున్న ప్లెయినే సాక్ష్యం. అంటే ఇక్కడ రంగు అవసరం లేని చోట వేశారు, చెడగొట్టలేదు గానీ కొంత దాచేశారు. కొన్ని నాణేల్లో రంగుకని ముందే జాగా వదిలి చెక్కుతారు, అక్కడ రంగు లేకపోతే బొమ్మ సగమే అవుతుంది, అలాంటివి నాకు ఎక్కువ ఇష్టం. ఇంకొన్నిట్లో రంగు తీసేస్తే ఏమీ ఉండదు, నున్నటి బిళ్ళ. ఆ మూడో రకమే మొత్తం జాతికి చెడ్డపేరు తెచ్చింది.

మూడో రకానికి శాంపిల్ మా ఇంట్లోనే ఉంది. మా అక్క ధంతేరస్‌కి ఒక నగల షాపులో పది గ్రాముల లక్ష్మీదేవి బిళ్ళ కొంది, రంగులేసింది, అమ్మవారికి ఎర్ర చీర, గులాబీ తామర, వెనక పసుపు కాంతి, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. దేవుడి గదిలో పెట్టి శుక్రవారం శుక్రవారం కుంకుమ పూజ చేసింది, వరలక్ష్మీ వ్రతం అప్పుడు పంచామృతాలు కూడా అయ్యాయి, ఆ తర్వాత ఇంట్లో వెండి సామాన్లన్నీ ఎలా తోముతారో అలాగే చింతపండు పెట్టి తోమేసింది. మరి దేవుడి వెండి ఇంకెలా తోముతారు? చీర సగం పోయింది. సరే రంగు పోతే పోయింది, కింద అమ్మవారి రూపమైనా ఉంటుంది కదా అని లూప్ పెట్టి చూస్తే చీర కింద కుచ్చిళ్ళ గీత కూడా లేదు, నున్నటి రేకు. మొహం మాత్రం కొంచెం ఎత్తుగా నొక్కారు, మిగతాదంతా ప్రింటే. షాపులో అడిగితే రంగుకి గ్యారంటీ ఉండదు మేడమ్, వెండికే ఉంటుంది అన్నారట. బిల్లులో మాత్రం తయారీ ఛార్జీ ప్లెయిన్ బిళ్ళ కన్నా ఎక్కువే పడింది. పూజకి కొనేవాళ్ళకి నా సలహా ఒక్కటే, అభిషేకం చేసే ఉద్దేశం ఉంటే రంగుది వద్దు, పాత పద్ధతిలో అచ్చు వేసిన రూపు కొనుక్కోండి, తరాలు వాడుకోవచ్చు.

రంగు నాణేలు ఈ మధ్య వచ్చిన పైత్యం అనుకునేవాళ్ళకి చిన్న చరిత్ర. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ నగల పనివాళ్ళు మామూలు వెండి నాణేల మీద గాజు రంగులు పోసి కాల్చి బ్రోచ్‌లుగా అమ్మేవాళ్ళు, విలియం హెన్రీ ప్రోబర్ట్, ఎడ్విన్ స్టీల్ అనే పేర్లు అందులో ఫేమస్. మన దగ్గర మీనా పని అంటామే, జైపూర్ చేతిగాజుల మీద చేసేది, దాని చుట్టమే. నాణెం మీద బొమ్మ చుట్టూ వెండిని తొలిచి గుంటలు చేసి ఆ గుంటల్లో రంగు నింపుతారు, గుంట గోడ రంగుకి కాపలా ఉంటుంది కాబట్టి నూరేళ్ళు దాటినా అవి ఇప్పటికీ మెరుస్తున్నాయి. వాటికి ఇవాళ విడిగా కలెక్టర్లున్నారు. అంటే మనవాళ్ళకి రంగుతో గొడవ లేదు, పైపైన పూసే రంగుతోనే గొడవ.

ఇప్పుడు మనం చూస్తున్న మోడర్న్ రంగు నాణేల ట్రెండ్ 1992లో పలావు అనే పసిఫిక్ దీవుల దేశం పేరు మీద వచ్చిన సముద్ర జీవుల నాణేలతో మొదలైందని చెప్తారు. ఆ తర్వాత చిన్న చిన్న దీవుల దేశాలన్నీ లైన్‌లో నిలబడ్డాయి, నియూ, కుక్ ఐలాండ్స్, టువాలు, వాళ్ళ పేరు ఇస్తారు, నాణెం ఎక్కడో యూరప్‌లోనో న్యూజిలాండ్‌లోనో ఆస్ట్రేలియాలోనో తయారవుతుంది. సినిమా హీరోలు, కార్టూన్లు, రాశులు, పువ్వులు, అన్నీ వచ్చేశాయి. నియూలో మొత్తం జనం రెండు వేల లోపే ఉంటారు, మా కాలనీలో అంతకన్నా ఎక్కువ మందే ఉంటారేమో, వాళ్ళ పేరు మీద మాత్రం ఏటా కుప్పలు కుప్పలు డిజైన్లు. పాత కలెక్టర్లకి ఒళ్ళు మండేది రంగు ఒక్కటే చూసి కాదు, ఈ వరద చూసి కూడా.

కెనడా వాళ్ళ కథ మాత్రం సరదాగా ఉంటుంది. 2004లో వాళ్ళు మామూలుగా చేతులు మారే పాతిక సెంట్ల బిళ్ళ మీద మేపుల్ ఆకు మధ్యలో ఎర్ర పాపీ పువ్వు వేశారు, యుద్ధాల్లో పోయిన 1,17,000 మంది సైనికుల గుర్తుగా. చెలామణీకి వదిలిన నాణెం మీద రంగు వెయ్యడం ప్రపంచంలో అదే మొదటిసారి. వెండి కాదు, స్టీలు బిళ్ళే, జనానికి టిమ్ హార్టన్స్ కాఫీ షాపుల్లో చిల్లరగా ఇచ్చారు. అక్కడికెళ్ళిన అమెరికా డిఫెన్స్ కాంట్రాక్టర్లు కొందరు చిల్లరలో ఆ బిళ్ళ చూసి ఇదేదో గూఢచారుల పరికరం, లోపల ఏదో పెట్టారు అని పై వాళ్ళకి రిపోర్టు రాశారు. 2007లో ఆ సంగతి బయటపడి అందరూ నవ్వుకున్నారు. టొరంటోలో ఉండే మా కజిన్ చిల్లరలో వచ్చిన ఒక పాపీ పంపించాడు, దాని మీద రంగు సగం అరిగింది, పువ్వు ఒక రేకు గులాబీగా మారింది, నాకది కొత్తదాని కన్నా బాగా నచ్చింది. చేతులు మారిన నాణెం అరిగితేనే అందం.

అమెరికా మింట్ వాళ్ళు చాలా కాలం ఈ జోలికి పోలేదు. వాళ్ళు సొంతంగా మొదటిసారి రంగేసింది 2020లో, బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ అరవయ్యేళ్ళ సందర్భంగా తెచ్చిన వెండి డాలర్‌కీ, అర డాలర్‌కీ. నాణెం గిన్నెలాగ కొంచెం వంపు తిరిగి ఉంటుంది, ఉబ్బిన వైపు బంతి. రంగు లేనివి కూడా అమ్మారు, ఎవరికి ఏది కావాలో వాళ్ళు తీసుకున్నారు, పద్ధతి అంటే అదీ.

కానీ అమెరికా పేరుతో ఆన్‌లైన్‌లో మనకి ఎక్కువగా కనిపించేది వేరే. 1986 నుంచి వస్తున్న సిల్వర్ ఈగిల్ తెలుసు కదా, నడిచే లిబర్టీ బొమ్మ ఉంటుంది, ఎవరో ప్రైవేటు వాళ్ళు వాటిని కొని, వాళ్ళ మెషీన్ మీద లిబర్టీ గౌనుకి జెండా రంగులేసి, పెట్టెలో పెట్టి సర్టిఫికెట్ కాగితం ఒకటి జతచేసి రెండింతలు రేటుకి అమ్ముతారు. మింట్‌కి దానితో ఏ సంబంధమూ ఉండదు. నాణెం ఎలా ఉందో చూసి గ్రేడ్ ఇచ్చే కంపెనీల లెక్కలో మింట్ వేసిన రంగు ఒకటి, బయట ఎవరో వేసిన రంగు ఇంకొకటి, రెండోది అంటే నాణెం పై పొరని మార్చినట్టే లెక్క. అంటే ఒక మంచి నాణెం కొని దాన్ని డ్యామేజ్ చేసి ఎక్కువ రేటుకి అమ్ముతున్నారన్నమాట. సర్టిఫికెట్ మీద మింట్ పేరుందో, అమ్మేవాడి పేరుందో చూడండి, అక్కడే తేలిపోతుంది. మన దగ్గర కూడా చెలామణీలో ఉన్న పది రూపాయల బిళ్ళలకి దేవుళ్ళ బొమ్మలు, జెండాలు ప్రింట్ చేసి రేర్ అని అమ్మేవాళ్ళున్నారు, దాని విలువ పది రూపాయలే, రంగు గీకితే కూడా పదే.

మన దేశం సంగతికొస్తే, మింట్‌లన్నీ నడిపే ప్రభుత్వ సంస్థ ఎస్పీఎంసీఐఎల్ వాళ్ళు 2024 ఫిబ్రవరిలో రంగుల వెండి సావనీర్ తెచ్చారు, అయోధ్య బాలరాముడు ఒకవైపు, మందిరం ఇంకోవైపు, 50 గ్రాములు, 999 వెండి, రేటు 5,860 రూపాయలు. నిర్మలా సీతారామన్ గారు రిలీజ్ చేశారు. ఇక్కడ నాకు రంగు పెట్టడం సబబే అనిపించింది. అరుణ్ యోగిరాజ్ గారు చెక్కిన ఆ విగ్రహం నల్లరాయి, ఒంటి నిండా నగలు, జనం టీవీలో చూసి గుర్తుపెట్టుకున్నదే ఆ నలుపూ బంగారం కలయిక. దాన్ని ఒట్టి తెల్ల వెండిలో నొక్కితే ఎవరో వేరే దేవుడిలా ఉండేవాడేమో. భక్తితో కొన్నవాళ్ళకి రంగే నాణెం. ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి, ఇది సావనీర్, దీని మీద రూపాయల విలువ ఉండదు, కాబట్టి స్ట్రిక్ట్‌గా లెక్కేసే కలెక్టర్లు దీన్ని మెడల్ కిందే జమకడతారు. నాకు పట్టింపు లేదు.

దీనికి ఎదురుగా పెట్టాల్సింది ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ముర్ము గారు విడుదల చేసింది, మన హైదరాబాద్ మింట్‌లోనే తయారైంది, 44 మిల్లీమీటర్లు, 35 గ్రాములు, సగం వెండి, 40 శాతం రాగి, మిగతాది నికెల్, జింకు. రంగు చుక్క లేదు. అన్నగారు అనగానే మన కళ్ళలో మెదిలేది రంగుల్లోనే కదా, నీలం ఒంటి కృష్ణుడు, పసుపుపచ్చ పట్టుపంచె, రాజకీయాల్లోకొచ్చాక కాషాయం బట్టలు. దానికి గనక రంగేసి ఉంటే రిలీజ్ రోజున క్యూలు ఇంకో రెండు కిలోమీటర్లు పెరిగేవేమో, కానీ నాణెంగా బతికేది కాదు. ఇప్పుడున్నది మొహం మీద గీతలతో నిలబడింది, ఎక్కడ చూసినా గుర్తుపడతారు, రంగు అక్కర్లేదు. అయినా మా గ్రూపులో ఒకాయన దీనికి బయట రంగేయించి ఫ్రేమ్ కట్టించుకుంటానంటే అందరం కలిసి ఆపాం.

నిజాం నాణేలు పోగేసే ఒక పెద్దాయన ఉన్నారు, మేమంతా అన్నా అని పిలుస్తాం, ఆయన నా డ్రాగన్ చూసి "ఇవి కాయిన్లు కాదు తమ్ముడూ, బొమ్మలు" అని జేబులోంచి చార్మినార్ రూపాయి తీసి చేతిలో పెట్టారు. చార్మినార్ కమాను మధ్యలో చూడమన్నారు. అక్కడ ఒక్క ఉర్దూ అక్షరం ఉంటుంది, మహబూబ్ అలీఖాన్ కాలం నాణెమైతే మీమ్, ఉస్మాన్ అలీఖాన్ కాలమైతే ఐన్. ఆవగింజంత జాగాలో రాజు పేరు మొదటి అక్షరం పెట్టి ఎవరి కాలందో చెప్పేశారు. పట్టుకున్న చేతుల వల్ల మినార్ల అంచులు అరిగి గుండ్రమయ్యాయి, అక్షరం మాత్రం అలాగే ఉంది. ఆయన మాటతో నేను పూర్తిగా ఒప్పుకోను గానీ ఆ రూపాయి చూశాక ఎర్ర డ్రాగన్ కొంచెం ఎక్కువ అరుస్తున్నట్టు అనిపించిన మాట నిజం. ఆయనకి రంగు నాణెం ఎప్పటికీ నచ్చదు. అదే ఆయన కూతురు, పక్షులున్న నాణేలే పోగేస్తుంది, పాలపిట్టకి నీలం లేకపోతే అది పాలపిట్ట ఎలా అవుతుంది అంకుల్ అని నన్నే అడుగుతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. పక్షులు, సీతాకోకచిలుకలు, పువ్వులు, చేపలు, వీటి వరకు రంగు లేకపోతే సగం సమాచారం పోయినట్టే. కెనడా వాళ్ళు పువ్వు మీద పురుగుని ఇటలీ మురానో గాజుతో చేసి నాణేనికి అతికించిన సిరీస్ ఒకటుంది, అది రంగు కూడా కాదు, ఏకంగా గాజు, అదీ నాకు నచ్చింది. జంతువులకీ దేవుళ్ళకీ సగం సగం, మనుషుల మొహాలకి మాత్రం రంగు వద్దు బాబూ, ఎంత మంచి మింట్ వేసినా మేకప్ వేసినట్టే ఉంటుంది.

డబ్బుల మాట. రంగు నాణెం కొనేవాళ్ళలో చాలామంది వెండి కదా, ఎప్పటికైనా రేటు ఉంటుంది అని మనసుకి సర్దిచెప్పుకుంటారు. సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో తెలిసిన సేటు ఒకాయనకి చూపిస్తే కాటా మీద పడేసి "రంగు తూకంలోకి రాదు సార్" అన్నాడు. పైగా కరిగించేటప్పుడు రంగు కాలి పొగ వస్తుందని, అందుకు ఇంకాస్త తగ్గించి చెప్పాడు. అంటే మనం కట్టిన రేటులో వెండి ఒక ముక్క, పనితనం పెట్టె సర్టిఫికెట్ రంగు ఇంకో ముక్క, వాటి మీద మూడు శాతం జీఎస్టీ, అమ్మేటప్పుడు మొదటి ముక్క ఒక్కటే చేతికొస్తుంది, రెండో ముక్క రావాలంటే ఇంకో కలెక్టర్ దొరకాలి. ప్లెయిన్ డ్రాగన్‌కి కొనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, ఎందుకంటే దాన్ని బులియన్ వాళ్ళూ కొంటారు సిరీస్ పూర్తి చేసుకునేవాళ్ళూ కొంటారు. ఎర్రదానికి ఎర్రది కావాలనుకునేవాడే రావాలి.

అయితే ఈ లెక్క ఒక్కోసారి తిరగబడుతుంది. ఆ అయోధ్య సావనీర్‌నే తీసుకోండి, వచ్చినప్పుడు వెండి గ్రాము డెబ్బై అయిదు రూపాయలకి అటూ ఇటూ ఉండేది, అంటే అందులో లోహం విలువ మూడు వేల ఏడొందల చిల్లర, మిగతా రెండు వేలు పనితనానికీ టాక్సుకీ. అప్పుడు చాలామంది ఇంత ఎక్కువా అని గొణిగారు. 2025లో కిలో లక్షన్నర దాటేసరికి అందులో వెండే ఏడున్నర వేలైంది. ఎక్కువ పెట్టి కొన్నామని బాధపడ్డవాళ్ళంతా ఇప్పుడు ముందుచూపు మాదే అంటున్నారు, అది మీ ముందుచూపు కాదు సార్, వెండి దయ. రంగు వల్ల ఒక్క రూపాయి పెరగలేదు.

కాబట్టి ఎర్ర డ్రాగన్ కొనొచ్చా అని అడిగితే, ప్లెయిన్ ముందు కొనండి, అది ఇంట్లో ఉంది ఇంకా మోజు తీరలేదు అంటే అప్పుడు ఎర్రది. రేటులో తేడా ప్లెయిన్ మీద పాతిక శాతం లోపుంటే నేను కొంటా, అంతకు మించితే వదిలేస్తా. బహుమతి ఇవ్వడానికైతే మాత్రం కళ్ళు మూసుకుని రంగుదే ఇవ్వండి, డ్రాగన్ ఏడాదిలో పుట్టిన పిల్లకి ప్లెయిన్ నాణెం ఇస్తే వాళ్ళమ్మ బీరువాలో దాస్తుంది, ఎర్రదిస్తే ఆ పిల్ల టేబుల్ మీద పెట్టుకుంటుంది. నా డబ్బాలోంచి ఏది అమ్మాలి అంటే మాత్రం ముందు ఎర్రదే పోతుంది.

కొన్నాక చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వెండి గాలిలో ఉండే గంధకం వల్ల నల్లబడుతుంది, ప్లెయిన్ నాణెమైతే ఒళ్ళంతా ఒకేలా నల్లబడి ఒక్కోసారి ఇంద్రధనస్సు రంగులొచ్చి ఇంకా అందంగా అవుతుంది. రంగు నాణెంలో ఇంకు కింద వెండి తెల్లగానే ఉండి చుట్టూ మాత్రమే నల్లబడుతుంది, రంగు అంచు చుట్టూ మసి గీత గీసినట్టు కనిపిస్తుంది, ఎర్రదానికి ఇప్పటికే ముత్యం పక్కన కొంచెం మొదలైంది. దాన్ని తీయడానికి లేదు, వెండిని ముంచి మెరిపించే డిప్ ద్రావణం, సోడా అల్యూమినియం ఫాయిల్ చిట్కా, పళ్ళపొడి, విభూతి, ఏదీ వద్దు, రంగు లేచిపోతుంది. రబ్బరు బ్యాండ్ దగ్గర పెట్టొద్దు, అందులో గంధకం ఉంటుంది. మెత్తటి పీవీసీ కవర్లు అసలొద్దు, కొన్నాళ్ళకి జిగురు కక్కి పచ్చగా అంటుకుంటుంది. ఎండ తగిలే షోకేసులో పెడితే ఎరుపు వెలిసిపోతుంది. పెర్త్ వాళ్ళు నాణేన్ని గట్టి ప్లాస్టిక్ క్యాప్స్యూల్‌లో పెట్టి ఇస్తారు, దాన్ని తెరవకుండా ఉంచడమే మేలు, పొరపాటున పగిలితే మాత్రం కొంచెం తిప్పలే, ఇక్కడ కాయిన్ షాపుల్లో దొరికేవి ఎక్కువగా 40 మిల్లీమీటర్ల ఈగిల్ సైజువి, ఈ 45.6 పట్టేది కావాలంటే లోపల నురగ రింగు ఉన్న పెద్ద సైజుది తెప్పించుకోవాలి, ఆ రింగు కూడా నాణేల కోసమే చేసిందా కాదా అడిగి తీసుకోండి.